హెడ్‌ఫోన్‌లో సప్పుడు బందైతే: తప్పు ఎక్కడుందో పట్టుకుని బాగు చేసుకునే తోవ

కంప్యూటర్‌కు పెట్టిన హెడ్‌ఫోన్ ఉన్నట్టుండి మూగబోతే చాలామంది చేసేవి రెండే పనులు. కొత్త హెడ్‌ఫోన్ కొనుక్కొస్తారు. లేదంటే సీపీయూను బండి మీద పెట్టుకుని దుకాణానికి పోతారు, అక్కడ "విండోస్ ఖరాబైంది, ఫార్మాట్ కొట్టాలె" అనే మాట విని వస్తారు. ఫార్మాట్‌తో బాగయ్యేవి లేకపోలేదు గానీ చాలా తక్కువ. వైరు తెగినా, పిన్ను సగమే దిగినా, సౌండు మానిటర్ వైపు మళ్లినా ఫార్మాట్ ఏం చేస్తుంది? అందుకే తప్పు హెడ్‌ఫోన్‌లో ఉందా, పిన్ను పెట్టే జాక్‌లో ఉందా, విండోస్‌లో ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. దానికి పావుగంట చాలు.

ఇక్కడ చెప్పేది విండోస్ 10కూ, 11కూ పనికొస్తుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అయినా మన నెట్ సెంటర్లలో, డీటీపీ దుకాణాల్లో, పిల్లల చదువుకని కొన్న సెకండ్ హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాపుల్లో ఇంకా అదే నడుస్తోంది కాబట్టి రెంటిలో మెనూ తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

మొదటి పని: అటుదిటు, ఇటుదటు

సెట్టింగ్స్ ముట్టుకోకముందే రెండు పరీక్షలు చేయండి. మీ హెడ్‌ఫోన్ తీసి ఫోనుకో, ఇంకో ల్యాప్‌టాప్‌కో, పాత ఎఫ్ఎం రేడియోకో పెట్టి వినండి. తర్వాత బాగా పనిచేస్తుందని తెలిసిన ఇయర్‌ఫోన్ ఒకటి తెచ్చి మీ కంప్యూటర్‌లో, అదే రంధ్రంలో పెట్టి వినండి.

మీ హెడ్‌ఫోన్ ఫోనులోనూ పలకకపోతే తప్పు దాని వైరుదో, పిన్నుదో. విండోస్ సంగతి వదిలేసి కింద మల్టీమీటర్ గురించి చెప్పిన చోటికి పోండి. ఫోనులో బాగా పలికి, వేరే ఇయర్‌ఫోన్ కూడా మీ కంప్యూటర్‌లో పలకకపోతే తప్పు కంప్యూటర్‌ది: జాక్ గానీ, సెట్టింగ్ గానీ, డ్రైవర్ (విండోస్‌తో సౌండు చిప్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) గానీ. మూడో రకం కొంచెం తికమక పెడుతుంది. మీ హెడ్‌ఫోన్ ఫోనులో మంచిగనే ఉంది, వేరే ఇయర్‌ఫోన్ మీ కంప్యూటర్‌లో మంచిగనే ఉంది, ఈ రెండూ కలిస్తేనే సప్పుడు లేదు. అప్పుడు రెండూ బాగున్నట్టే, పిన్నుకూ జాక్‌కూ జత కుదరడం లేదంతే.

ఈ పరీక్షకు ముందు హెడ్‌ఫోన్ వైరు మీదుండే చిన్న వాల్యూమ్ చక్రాన్ని, మ్యూట్ బటన్‌ను ఒకసారి చూడండి. సంచిలో పెట్టి తీసేటప్పుడు ఆ చక్రం సున్నాకు తిరిగిపోవడం మామూలే.

పిన్ను, జాక్: నల్ల గీతలు లెక్కపెట్టండి

3.5 ఎంఎం పిన్నును దగ్గరగా పట్టుకుని చూస్తే లోహం మధ్యలో నల్ల ప్లాస్టిక్ గీతలు కనిపిస్తాయి. రెండు గీతలుంటే మూడు భాగాల పిన్ను: కొన ఎడమ చెవికి, మధ్య భాగం కుడి చెవికి, మొదలు గ్రౌండుకు, అంటే రెండు చెవుల కరెంటు తిరిగిపోయే ఉమ్మడి తీగకు. మూడు గీతలుంటే నాలుగు భాగాల పిన్ను, అంటే మైకు కూడా అందులోనే ఉంది. ఇప్పుడొచ్చే హెడ్‌సెట్లలో ఎక్కువ వాటికి వరస ఇది: కొన ఎడమ, తర్వాతది కుడి, ఆ తర్వాత గ్రౌండు, అన్నిటికంటే మొదట్లో మైకు. కొన్ని పాత ఫోన్లతో వచ్చిన ఇయర్‌ఫోన్లలో మాత్రం గ్రౌండు, మైకు తారుమారుగా ఉంటాయి.

ఈ తారుమారు వల్ల వచ్చే లక్షణం ఒకటుంది, గుర్తుపెట్టుకుంటే చాలాసార్లు అక్కరకొస్తుంది. పాట పెడితే వాయిద్యాలు వినిపిస్తాయి గానీ పాడేవాళ్ల గొంతు దాదాపు మాయమైపోతుంది, ఎక్కడో దూరంగా గుంతలోంచి వస్తున్నట్టు ఉంటుంది. క్లాసు వీడియో పెడితే సారు పెదాలు కదులుతాయి, మాట రాదు. ఎందుకంటే గొంతును రికార్డింగులో ఎడమకూ కుడికీ సమానంగా పంపుతారు. గ్రౌండు అందకపోతే రెండు స్పీకర్లూ ఒకదాని వెంట ఒకటి కలిసిపోయి, రెండు వైపుల మధ్య తేడా మాత్రమే పలుకుతుంది, సమానంగా ఉన్నది కొట్టుకుపోతుంది. అట్లాంటప్పుడు వైరు మీది కాల్ బటన్ నొక్కి పట్టుకోండి. గొంతు వెంటనే తిరిగొస్తే రోగం దొరికినట్టే, ఎందుకంటే ఆ బటన్ మైకును గ్రౌండుకు కలుపుతుంది. హెడ్‌సెట్ మంచిదే, జాక్‌తో గ్రౌండు కలవడం లేదు. పిన్నును ఒక మిల్లీమీటరు వెనక్కి గుంజి చూడండి. అప్పుడు కూడా బాగైతే పిన్ను వరసా జాక్ వరసా కలవక, జాక్ గ్రౌండు రేకు పిన్నులోని మైకు భాగాన్ని తాకుతోందని గానీ, జాక్ లోపలి రేకులు వదులయ్యాయని గానీ లెక్క.

డెస్క్‌టాప్ వెనక ఆకుపచ్చ రంధ్రమే హెడ్‌ఫోన్‌ది. గులాబీది మైకుకు, నీలంది బయటి నుంచి సౌండు లోపలికి తెచ్చుకోవడానికి. టేబుల్ కింద వంగి చీకట్లో తడుముతూ పెట్టేటప్పుడు గులాబీలో పెట్టడం మామూలుగా జరిగే పొరపాటు, కాబట్టి ఫోను టార్చ్ వేసి చూడండి. రెండు పిన్నుల హెడ్‌సెట్‌ను ఒకే రంధ్రమున్న ల్యాప్‌టాప్‌కు పెట్టాలంటే రెండు ఆడ జాక్‌లు ఒక నాలుగు భాగాల పిన్నులో కలిసే వై కేబుల్ కావాలి. దుకాణంలో దానికి అచ్చం తోబుట్టువులా కనిపించే ఇంకో కేబుల్ ఉంటుంది, అది ఒకే పాటను ఇద్దరు వినడానికి. అడిగేటప్పుడు "మైకు ఒకటి, హెడ్‌ఫోన్ ఒకటి కలిపి ఒక పిన్ను" అని స్పష్టంగా చెప్పండి.

పిన్ను పెట్టగానే కొన్ని కంప్యూటర్లలో "ఏం పెట్టారు?" అని చిన్న కిటికీ తెరుచుకుంటుంది. అందులో హెడ్‌ఫోన్ బదులు మైక్రోఫోన్ అనో, లైన్ ఇన్ అనో నొక్కితే పిన్ను ఎంత బాగున్నా సప్పుడు రాదు. తీసి మళ్లీ పెట్టి, ఈసారి హెడ్‌ఫోన్ లేదా హెడ్‌సెట్ ఎంచుకోండి.

పచ్చ గీత ఏం చెబుతోంది

తప్పు కంప్యూటర్‌దే అని తేలితే ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి. ఏదైనా వీడియో పెట్టి ఆడుతుండగానే వదిలేయండి. విండోస్ 11లో గడియారం పక్కనున్న స్పీకర్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి సౌండ్ సెట్టింగ్స్ తెరిచి, అట్టడుగుకు పోయి మోర్ సౌండ్ సెట్టింగ్స్ నొక్కండి. విండోస్ 10లో అదే బొమ్మ మీద రైట్ క్లిక్ చేస్తే సౌండ్స్ అని కనిపిస్తుంది, అది నొక్కి ప్లేబ్యాక్ అనే ట్యాబుకు మారండి. రెంటిలోనూ చివరికి తెరుచుకునేది అదే పాత చిన్న కిటికీ. అందులో సౌండు బయటికి పోయే పరికరాలన్నీ వరసగా ఉంటాయి, ఒక్కోదాని కుడివైపు నిలువు గీత ఒకటి. సౌండు దేనికి పోతుంటే దాని గీత పచ్చగా ఎగిరి పడుతుంటుంది.

హెడ్‌ఫోన్ పేరు పక్కన పచ్చ గీత ఎగురుతోంది, చెవిలో మాత్రం ఏం లేదు అంటే విండోస్ తన పని తాను చేసింది. వాల్యూమ్ సున్నాలో లేదని, మ్యూట్ లేదని చూసుకున్నాక తప్పు జాక్‌లో, వైరులో వెతకండి. ఈ దశలో డ్రైవర్ల జోలికి పోవడం చాలావరకు టైం దండగ.

పచ్చ గీత ఇంకో పేరు పక్కన ఎగురుతుంటే సౌండు తోవ తప్పింది. హెచ్‌డీఎంఐ తీగతో కొత్త మానిటర్‌నో, టీవీనో పెట్టిన రోజు నుంచే హెడ్‌ఫోన్ మూగబోయిందంటే నూటికి తొంభై పాళ్లు ఇదే. మానిటర్‌లో స్పీకర్లు లేకున్నా విండోస్ దాన్ని కూడా సౌండు పరికరంగానే చూసి అటువైపు పంపేస్తుంది. హెడ్‌ఫోన్ పేరును ఎంచుకుని సెట్ డిఫాల్ట్ నొక్కండి. ఆ మానిటర్ సౌండు మీకెప్పుడూ అక్కర్లేకపోతే దాని మీద రైట్ క్లిక్ చేసి డిసేబుల్ చేసేయండి, మళ్లీ సతాయించదు. విండోస్ 11లో రోజువారీ మార్పుకు విండోస్ కీ, కంట్రోల్, వీ మూడూ కలిపి నొక్కితే చాలు, పరికరాల జాబితా నేరుగా వస్తుంది.

ఒక్క గీత కూడా ఎగరకపోతే వీడియో ఆడుతున్న ప్రోగ్రామే సౌండు పంపడం లేదన్నమాట. క్రోమ్‌లో ఆ ట్యాబు మీద రైట్ క్లిక్ చేసి అన్‌మ్యూట్ సైట్ అని ఉందేమో చూడండి. వాల్యూమ్ మిక్సర్ తెరిస్తే ఒక్కో ప్రోగ్రాముకు విడిగా వాల్యూమ్ ఉంటుంది, అది సున్నాలో ఉండొచ్చు. విండోస్ మిక్సర్‌లో ఒక్కో ప్రోగ్రామును ఒక్కో పరికరానికి కట్టేసే వీలు కూడా ఉంది, ఎప్పుడో పాత బ్లూటూత్ స్పీకర్‌కు కట్టి మరిచిపోతే ఆ ఒక్క ప్రోగ్రామే పలకదు. అక్కడే ఉన్న రీసెట్ బటన్ నొక్కితే అన్నీ మొదటికొస్తాయి.

ఇక హెడ్‌ఫోన్ పేరే జాబితాలో లేకపోతే ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి షో డిసేబుల్డ్ డివైసెస్‌కు టిక్ పెట్టండి. మసకగా కనిపిస్తే దాని మీద రైట్ క్లిక్, ఎనేబుల్. చాలా ల్యాప్‌టాపుల్లో హెడ్‌ఫోన్‌కు వేరే పేరు ఉండదు, స్పీకర్స్ అనే పేరు మీదే రెండూ నడుస్తాయి. కాబట్టి పేరు లేదని కంగారు పడకండి.

ఒక చెవిలోనే రావడం లేదా? అదే కిటికీలో పరికరం మీద డబుల్ క్లిక్ చేసి, లెవెల్స్ ట్యాబులో బ్యాలెన్స్ నొక్కి, ఎడమ కుడి రెండూ సమానంగా ఉన్నాయేమో చూడండి. సమానంగానే ఉంటే అది వైరు కేసు.

మీటింగుల్లో మాత్రమే రాకపోతే

జూమ్, గూగుల్ మీట్, టీమ్స్ లాంటివి విండోస్ డిఫాల్ట్‌ను లెక్కచేయకుండా తమ స్పీకర్ తామే గుర్తుపెట్టుకుంటాయి. వాటి సెట్టింగ్స్‌లోకే పోయి స్పీకర్ మార్చి, టెస్ట్ నొక్కి వినాలి. దీనికి తిరగేసిన ఇబ్బంది ఇంకోటి. కాల్ మొదలవగానే పాట సౌండు అణిగిపోతుంది, ఎందుకంటే విండోస్ కాల్ సమయంలో మిగతా సౌండ్లను 80 శాతం తగ్గిస్తుంది. ఆ పాత సౌండ్ కిటికీలోనే కమ్యూనికేషన్స్ ట్యాబులో డూ నథింగ్ ఎంచుకుంటే ఆ గొడవ ఉండదు.

సర్వీసులు, డ్రైవరు

ఇంతదాకా చూసీ దొరకలేదంటే ముందు రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం రీస్టార్ట్‌తో సమానం కాదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో డ్రైవర్ల స్థితి డిస్కు మీద దాచిపెట్టి మళ్లీ అదే లేపుతుంది, చిక్కుకున్న డ్రైవరు చిక్కుకున్నట్టే లేస్తుంది. రీస్టార్ట్ అయితే కొత్తగా మొదలవుతుంది.

తర్వాత స్టార్ట్ మెనూలో సర్వీసెస్ అని వెతికి తెరిచి, విండోస్ ఆడియో ఎండ్‌పాయింట్ బిల్డర్ అనే దాని మీద రైట్ క్లిక్ చేసి రీస్టార్ట్ ఇవ్వండి. దాని మీద ఆధారపడిన విండోస్ ఆడియోను కూడా ఆపి లేపుతానంటుంది, సరేననండి. రెండూ రన్నింగ్‌లో ఉండాలి, స్టార్టప్ టైప్ ఆటోమేటిక్ ఉండాలి. కంప్యూటర్ వేగం పెంచుతామనే ఉచిత సాఫ్ట్‌వేర్లు కొన్ని ఈ సర్వీసులను ఆపేస్తుంటాయి, అట్లాంటివి ఉంటే తీసేయండి.

డ్రైవరు పని ఇట్లా వరసగా చేయాలి, మధ్యలో దుంకొద్దు:

1. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిచి, సౌండ్, వీడియో అండ్ గేమ్ కంట్రోలర్స్ విప్పండి. రియల్‌టెక్ (చాలా కంప్యూటర్లలో ఉండే సౌండు చిప్ కంపెనీ) పేరు మీద పసుపు త్రికోణం ఉందా చూడండి.
2. ఈమధ్య విండోస్ అప్‌డేట్ తర్వాతే ఆగిందంటే ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబుకు పోయి రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి. అది మసకగా ఉంటే వెనక్కి పోయే పాత డ్రైవరు లేదని అర్థం.
3. లేదంటే అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్ మై కంప్యూటర్, లెట్ మీ పిక్ ఫ్రమ్ ఎ లిస్ట్ దాకా పోయి, అందులో హై డెఫినిషన్ ఆడియో డివైస్ ఎంచుకోండి. ఇది మైక్రోసాఫ్ట్ మామూలు డ్రైవరు. దీంతో సప్పుడు వస్తే హార్డ్‌వేర్ బాగున్నట్టు, రియల్‌టెక్ డ్రైవరే ఖరాబైనట్టు.
4. అసలు డ్రైవరే కావాలంటే మీ ల్యాప్‌టాప్ లేదా మదర్‌బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో మోడల్ నంబరు కొట్టి అక్కడి నుంచే దింపుకోండి. డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో అనే సైట్ల జోలికి పోవద్దు.

కొత్త ల్యాప్‌టాపుల్లో రియల్‌టెక్ ఒక్కటే కాదు, ఇంటెల్ స్మార్ట్ సౌండ్ అనే పేరుతో దాని కింద ఇంకో డ్రైవరు ఉంటుంది. దానికి పసుపు గుర్తు పడితే పైనున్న రియల్‌టెక్ కూడా లేవదు, కాబట్టి రెండూ కలిపి వేయాలి.

డివైస్ మేనేజర్‌లో సౌండు పరికరమే లేకుండా పోతే బయోస్ (విండోస్ కంటే ముందే లేచే మదర్‌బోర్డు సెట్టింగుల తెర) చూడాలి. కంపెనీని బట్టి ఎఫ్2, డిలీట్, ఎఫ్10 లాంటి కీ నొక్కి లోపలికి పోయి, ఆన్‌బోర్డ్ ఆడియో లేదా హెచ్‌డీ ఆడియో కంట్రోలర్ అనే చోట ఎనేబుల్డ్ ఉందో లేదో చూడండి. మదర్‌బోర్డు సెల్ అయిపోయిన పాత సిస్టముల్లో బయోస్ సెట్టింగులు మారిపోవడం ఉంటుంది. టైం, తేదీ కూడా తప్పుగా చూపిస్తుంటే ఆ గుండ్రటి సీఆర్2032 సెల్ మార్చండి.

వెనక వస్తుంది, ముందర రాదు

డెస్క్‌టాప్ వెనక ఆకుపచ్చలో పలుకుతుంది, క్యాబినెట్ ముందరి రంధ్రంలో పలకదు అంటే తేలికైన కేసు. ముందరి రంధ్రం నుంచి సన్న కేబుల్ ఒకటి మదర్‌బోర్డు అడుగున ఒక మూలకు పోతుంది. ఎస్ఎస్‌డీ వేసినప్పుడో, ర్యామ్ పెంచినప్పుడో, దుమ్ము దులిపినప్పుడో అది ఊడి, మళ్లీ పెట్టకుండా మూత బిగించేసి ఉంటారు. కరెంటు పూర్తిగా తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదిలి, మూత తెరవండి. ఆ కేబుల్ కొనకు హెచ్‌డీ ఆడియో అని రాసి ఉంటుంది. బోర్డు మీద అది కూర్చునే చోట తొమ్మిది పిన్నులుంటాయి, పక్కనే యూఎస్‌బీకి కూడా తొమ్మిదే ఉంటాయి. తేడా ఖాళీ చోటులో ఉంది: యూఎస్‌బీలో ఖాళీ సరిగ్గా మూలన ఉంటుంది, ఆడియోలో మూల నుంచి ఒకటి లోపలికి ఉంటుంది. బలవంతంగా నొక్కితే పిన్నులు వంగుతాయి.

కొన్ని పాత క్యాబినెట్ల కేబుల్‌కు రెండు కొనలుంటాయి, ఒకటి హెచ్‌డీ ఆడియో, ఇంకోటి దానికంటే పాత పద్ధతి ఏసీ 97. హెచ్‌డీ ఆడియో కొననే పెట్టాలి. ఏసీ 97 కొన మాత్రమే ఉన్న మరీ పాత క్యాబినెట్ అయితే పిన్ను పెట్టిన సంగతి బోర్డుకు తెలియదు. అప్పుడు రియల్‌టెక్ ఆడియో మేనేజర్‌లో పైన కుడివైపున్న ఫోల్డర్ బొమ్మ నొక్కి, డిసేబుల్ ఫ్రంట్ ప్యానెల్ జాక్ డిటెక్షన్‌కు టిక్ పెడితే ముందర కూడా పలుకుతుంది.

దుమ్ము, పత్తి పీచు

నల్గొండ, నాగర్‌కర్నూల్ వైపు పత్తి తీసే రోజుల్లో ఇంట్లోనే పత్తి నింపుకునే ఊళ్లున్నాయి. ఆ గాలిలోని సన్న పీచు వాడకుండా ఉన్న జాక్‌లోకి పోయి కూర్చుంటుంది. తర్వాత పిన్ను పెట్టిన ప్రతిసారీ అది అడుగుకు దిగగొట్టుకుంటూ పోయి గట్టి బిళ్లలా తయారవుతుంది, పిన్ను చివరి మిల్లీమీటరు దిగదు. పిన్ను పెట్టినప్పుడు "టక్" మనకుండా మెత్తగా ఆగిపోతుంటే ఇదేనని అనుమానించండి.

కంప్యూటర్ ఆపి, ఛార్జర్ తీసి, టార్చ్ వేసి లోపలికి చూడండి. సన్న చెక్క టూత్‌పిక్‌తో అంచుల వెంట నెమ్మదిగా కదిలించి పీచును బయటికి తీయండి. గుండుసూది, పిన్నీసు వద్దు, లోపలి రేకులు వంగితే జాకే మార్చాలి. తర్వాత టూత్‌పిక్ కొనకు చాలా పలుచగా దూది చుట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి పిండి, లోపల రెండు మూడు తిప్పులు తిప్పండి. పది నిమిషాలు ఆరనివ్వండి. చేతుల శానిటైజర్ జెల్లు వాడొద్దు, అందులోని జిగట లోపలే ఉండిపోతుంది. కొబ్బరినూనె సంగతి చెప్పక్కర్లేదు.

జాక్ లోపల పిన్ను కొన విరిగి ఉండిపోతే కంప్యూటర్ ఇంకా హెడ్‌ఫోన్ పెట్టే ఉందనుకుంటుంది. హెడ్‌ఫోన్ పలకదు, ల్యాప్‌టాప్ స్పీకర్లూ పలకవు. ఫెవిక్విక్ పూసి అంటించి గుంజే చిట్కా ఒకటి చెలామణిలో ఉంది, బంక కారిందంటే జాక్ శాశ్వతంగా పోతుంది. దుకాణంలో ఇప్పించుకోవడమే మేలు.

వైరు తెగిందా: మల్టీమీటర్ పెట్టి చూడండి

వైరు తెగే చోట్లు దాదాపు ఎప్పుడూ అవే: పిన్ను వెనక రెండు అంగుళాలలోపు, వైరు రెండుగా చీలే చోట, వాల్యూమ్ డబ్బా దగ్గర, చెవి కప్పులోకి దూరే చోట. పాట పెట్టుకుని పిన్ను దగ్గర మొదలుపెట్టి అంగుళం అంగుళం వంచుతూ పోండి. ఎక్కడ గరగరమని సప్పుడు వచ్చి పోతుందో అక్కడ తెగింది.

డిజిటల్ మల్టీమీటర్ ఉంటే ఇంకా తేటగా తెలుస్తుంది. హెడ్‌ఫోన్‌ను కంప్యూటర్ నుంచి తీసేసి, మీటరును 200 ఓంల మీద పెట్టండి. ఒక కడ్డీ పిన్ను కొన మీద, ఇంకోటి గ్రౌండు మీద. గ్రౌండు మూడు భాగాల పిన్నులో మొదలు, నాలుగు భాగాల దాంట్లో కొన నుంచి లెక్కిస్తే మూడోది. మామూలు హెడ్‌ఫోన్లకు 16 నుంచి 32 ఓంల దరిదాపుల్లో చూపిస్తుంది, కొన్ని గేమింగ్ వాటికి 64 దాకా ఉంటుంది. కడ్డీ తాకినప్పుడు చెవిలో చిన్న "చిటుక్" కూడా వినిపిస్తుంది. కుడికి కూడా అట్లాగే చూడండి. ఒకవైపు అంకె వచ్చి ఇంకోవైపు మీటరు ఏమీ చూపకుండా 1 అనో, ఓఎల్ అనో ఉంటే ఆ వైపు తీగ తెగింది. రెండు వైపులా గ్రౌండుకు ఏమీ చూపక, కొనకూ రెండో భాగానికీ మధ్య మాత్రం రెట్టింపు, అంటే 32 స్పీకర్లయితే 64 దగ్గర చూపిస్తే రెండు స్పీకర్లూ బతికే ఉన్నాయి, తెగింది గ్రౌండు తీగ ఒక్కటే. ఫోనుకు పెట్టినా గొంతు మాయమై వాయిద్యాలే వినిపించి, కాల్ బటన్ నొక్కినా బాగుపడని హెడ్‌ఫోన్‌కు మీటరు మామూలుగా ఇదే చూపిస్తుంది.

పిన్ను దగ్గర తెగితే కొత్త పిన్ను వేయడం ఇంట్లో అయ్యే పనే. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, 60/40 సీసం తీగ, కొంచెం ఫ్లక్స్, విప్పే మూతున్న 3.5 ఎంఎం మెటల్ పిన్ను కావాలి. తెగిన చోటు దాటి రెండు మూడు సెంటీమీటర్లు పైకి కోసేయండి. కొత్త పిన్ను మూతను మొదట వైరుకు తొడగండి. ఇది మరిచిపోయి అంతా అతికాక మళ్లీ ఊడదీయడం ఈ పనిలో అందరికీ పడే శిక్ష.

పైతోలు ఒక సెంటీమీటరు ఒలిస్తే రంగు రంగుల సన్న తీగలు కనిపిస్తాయి. ఎరుపు కుడి, ఆకుపచ్చ లేదా నీలం ఎడమ, రాగి రంగుది గ్రౌండు. మైకుంటే ఇంకోటి. రంగులు కంపెనీకో రకంగా కూడా ఉంటాయి కాబట్టి అతికే ముందు మీటరుతో రూఢి చేసుకోండి. ఈ రంగు తీగ మీదున్న లక్క పూత. అది పోకుండా సీసం అంటదు, అంటినట్టు కనిపించినా కరెంటు పోదు. ఇంట్లో అతికించి "అతికాను గానీ సప్పుడు రావట్లేదు" అనేవాళ్ల పనిలో తప్పంతా ఇక్కడే. ఐరన్ కొన మీద సీసం బొట్టు పెట్టి, తీగ కొనను ఆ బొట్టులో నాలుగైదు సెకన్లు ముంచి పట్టుకోండి. సన్నగా పొగ వచ్చి, రంగు పోయి, తీగ వెండిలా మెరిస్తే పూత పోయినట్టు. తీగల మధ్య తెల్లటి నైలాన్ దారం ఉంటుంది, దాన్ని ముందే కత్తిరించండి. లేకుంటే కరిగి సీసంలో కలిసి అతుకు పాడు చేస్తుంది. పొగ పీల్చకుండా కిటికీ తెరిచి కూర్చోండి.

ఎడమ తీగ కొనకు, కుడిది రెండో భాగానికి, గ్రౌండు మొదలుకు. నాలుగు భాగాల పిన్నయితే గ్రౌండు మూడోదానికి, మైకు మొదలుకు. ఒక్కో అతుకు రెండు సెకన్లకు మించి కాల్చొద్దు, మధ్యనున్న నల్ల ప్లాస్టిక్ కరిగితే భాగాలు ఒకదానికొకటి తాకుతాయి. మూత బిగించేముందు మళ్లీ మీటరు పెట్టి పైన చెప్పిన అంకెలు వచ్చాయో లేదో చూడండి.

చెవి కప్పు లోపల తెగితే విప్పడం కష్టం గానీ, అతుకు అదే పద్ధతి. నడుమనున్న వాల్యూమ్ డబ్బా దగ్గర తెగితే డబ్బాను తీసేసి తీగలను నేరుగా కలిపేయడమే సులువు.

యూఎస్‌బీ, టైప్ సీ

యూఎస్‌బీ హెడ్‌సెట్‌కు సౌండ్ కార్డు దాని లోపలే ఉంటుంది. ఆకుపచ్చ జాక్, రియల్‌టెక్ డ్రైవరు, వీటితో దానికి సంబంధం లేదు. హబ్‌లోంచి తీసి నేరుగా కంప్యూటర్‌కు పెట్టండి, వెనక పోర్టు మార్చి చూడండి. డివైస్ మేనేజర్‌లో ఆ పరికరాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి ఊడదీసి మళ్లీ పెడితే చాలావరకు లేస్తుంది.

టైప్ సీ నుంచి 3.5 ఎంఎంకు మార్చే చిన్న తోకలతో జాగ్రత్త. అవి రెండు రకాలు. ఒకదాంట్లో డీఏసీ చిప్ (డిజిటల్ సౌండును హెడ్‌ఫోన్‌కు పోయే సిగ్నల్‌గా మార్చేది) ఉంటుంది, ఇంకోదాంట్లో తీగలు తప్ప ఏమీ ఉండవు. తీగలు మాత్రమే ఉన్నది కొన్ని ఫోన్లలో పలుకుతుంది గానీ ల్యాప్‌టాపుల్లో ఎక్కువ వాటిలో పలకదు. ల్యాప్‌టాప్‌కు కొనేటప్పుడు డీఏసీ ఉన్నదే అడగండి.

ల్యాప్‌టాప్ జాక్ విరిగిందని తేలితే బోర్డు విప్పించేముందు యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి కొనండి. బొటనవేలంత ఉంటుంది, హెడ్‌ఫోన్‌కు ఒకటి, మైకుకు ఒకటి రంధ్రాలుంటాయి, ధర వందల్లోనే. ఆన్‌లైన్ పరీక్ష రేపుందనగా జాక్ పోతే దీన్ని మించిన ఉపాయం లేదు.

బ్లూటూత్

బ్లూటూత్ హెడ్‌ఫోన్ కనెక్టెడ్ అని చూపిస్తూ సప్పుడు లేదంటే మొదట జేబులోని ఫోను బ్లూటూత్ ఆపండి. రెండింటికీ కలిసి ఉండే హెడ్‌ఫోన్లు ఫోనుకు నోటిఫికేషన్ వచ్చినా అటువైపు తిరుగుతాయి. అది కాకపోతే విండోస్‌లో దాన్ని రిమూవ్ చేసి, హెడ్‌ఫోన్ బటన్ లైటు గబగబా మెరిసేదాకా నొక్కి పట్టి, కొత్తగా జత చేయండి.

విండోస్ 10లో ఒకే హెడ్‌ఫోన్ రెండు పేర్లతో కనిపిస్తుంది, ఒకటి స్టీరియో, ఇంకోటి హ్యాండ్స్ ఫ్రీ. పాటలకు స్టీరియో, మైకు వాడే కాల్‌కు హ్యాండ్స్ ఫ్రీ. మీటింగ్ తెరవగానే సౌండు పాత ల్యాండ్‌లైన్ ఫోనులా మారి, మిగతా ప్రోగ్రాములు మూగబోతే కారణం ఈ మార్పిడే. మీటింగ్ సెట్టింగ్స్‌లో మైకును ల్యాప్‌టాప్ సొంత మైకుగా పెట్టి, స్పీకర్ మాత్రం హెడ్‌ఫోన్ స్టీరియోగా ఉంచితే రెండూ కుదురుతాయి.

చిన్న ఇయర్‌బడ్స్‌లో ఒకటే పలకకపోతే దాని అడుగున మెరిసే ఛార్జింగ్ చుక్కలను, డబ్బాలోని పిన్నులను పొడిబట్టతో తుడవండి. చెమట ఉప్పు పేరుకుని ఛార్జే ఎక్కదు. జాలీలో గులిమి నిండితే సౌండు సన్నబడుతుంది, మెత్తటి బ్రష్‌తో జాలీని కిందికి తిప్పి పట్టుకుని దులపండి. ఎండాకాలం పాలమూరు ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే లోపలి లిథియం బ్యాటరీ పోతుంది, ఇక దేంతోనూ లేవదు.

లైనక్స్ ఉన్న ల్యాబుల్లో

విండోస్ బదులు వాడే ఉచిత సిస్టం లైనక్స్. దాని రకమైన ఉబుంటు లాంటి వాటిలో టెర్మినల్ తెరిచి ఆల్సామిక్సర్ (సౌండు మిక్సర్) నడపండి. ఎఫ్6తో సౌండ్ కార్డు ఎంచుకుని, హెడ్‌ఫోన్ గడి అడుగున ఎంఎం అని ఉంటే మ్యూట్‌లో ఉన్నట్టు. బాణం గుర్తుతో దాని మీదికి పోయి ఎం నొక్కితే తెరుచుకుంటుంది, పై బాణంతో పెంచండి. మిగతాదంతా విండోస్‌లో లాగే.

దుకాణానికి పోయేముందు

ఫార్మాట్ అవసరమా కాదా అనే అనుమానం తీరే పరీక్ష ఒకటుంది. ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు వేసుకుని, కంప్యూటర్‌ను దాంతో లేపి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై అనేది నొక్కి, ఏదైనా వీడియో ఆడించండి. అప్పుడు హెడ్‌ఫోన్ పలికితే జాక్, చిప్ మంచిగున్నాయి, తప్పు విండోస్‌దే, డ్రైవరు పనితో తీరకపోతే ఫార్మాట్ మాటకు అర్థముంది. అక్కడా పలకకపోతే ముందు ఆల్సామిక్సర్‌లో మ్యూట్ చూడండి. అది కూడా తెరిచి ఉంటే తప్పు దాదాపుగా హార్డ్‌వేర్‌ది, ఫార్మాట్‌కు డబ్బులు పెట్టొద్దు.

ల్యాప్‌టాప్ జాక్ మార్పించేటప్పుడు ఒక ప్రశ్న అడగండి: జాక్ విడి చిన్న బోర్డు మీద ఉందా, మదర్‌బోర్డుకే అతికి ఉందా? చిన్న బోర్డు అయితే దాన్ని మొత్తంగా మార్చేస్తారు, పని గంటలో అయిపోతుంది. మదర్‌బోర్డు మీదైతే హాట్ ఎయిర్‌తో తీసి వేయాలి, చేయి తిరిగినవాళ్లకే ఇవ్వండి. ఆ విడిభాగం నల్గొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో దొరకకపోతే హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో పిన్నులు, జాక్‌లు, సోల్డరింగ్ సామాను, సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ సామాను దుకాణాల సముదాయం)లో ల్యాప్‌టాప్ బోర్డులు అడగొచ్చు. పోయేటప్పుడు ల్యాప్‌టాప్ అడుగున అంటించిన మోడల్ నంబరును, పాత జాక్ ఫోటోను రెండు వైపుల నుంచీ తీసి ఫోనులో పెట్టుకోండి. కాళ్లు ఐదున్నాయా ఆరున్నాయా అన్నదాన్ని బట్టే సరైన జాక్ ఇస్తారు.